పచ్చ టిక్కులు

మార్లిస్ కంటికి భూతద్దం తగిలించుకుని, చెవి యంత్రం మూతిలో ఇరుక్కున్న గులిమిని సన్నటి బ్రష్షుతో దులుపుతోంది. అమెరికాలో డులూత్ అనే ఊళ్లోని ఆ చెవుల క్లినిక్కులో ఇరవై ఆరేళ్లలో నలుగురు డాక్టర్లు మారారు. ఆమె బల్ల మారలేదు. వచ్చేవాళ్లకు ఆమె పేరు తెలియదు, 'వెనక గదిలో ఆవిడ' అంతే. యంత్రం ఎందుకు మొరాయించిందో తేలేదాకా ఆమెకు కాఫీ కూడా సయించదు.

పది గంటలకు రౌనో కంగాస్ వచ్చాడు. ఊరి పక్కనున్న పెద్ద సరస్సు మీద ఇనుప ఖనిజం మోసే ఓడల్లో బతుకంతా గడిపిన ఎనభై ఏళ్ల మనిషి. రెండు యంత్రాలూ బల్ల మీద పెట్టి, ఫోను ముందుకు తోశాడు.

"ఇది చూడమ్మా. ఈ యంత్రాల యాప్‌లో పరీక్ష నొక్కితే అన్నీ పచ్చ టిక్కులే. మైకు బాగుందట, స్పీకరు బాగుందట. మరి మా ఆవిడ ఐలి మాట ఒక్క ముక్క వినపడదే!"

"తన పరీక్షకు తనే మార్కులేసుకుంటే అలాగే ఉంటుందండీ," అని నవ్వింది మార్లిస్.

యంత్రానికి గొట్టం తగిలించి, చెవికి పెట్టుకుని విన్నది. శబ్దం శుభ్రంగా ఉంది. గులిమిని ఆపే వడపోత బిళ్ల మార్చింది. పరీక్ష పెట్టెలో పెట్టి చూస్తే, తెర మీద గీతలు అతను ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఉన్నట్టే ఉన్నాయి. ఇక ఆమె ఆగలేకపోయింది. యంత్రాలు అతని చెవులకు పెట్టి, అతని వెనక్కి వెళ్లి నిలబడి గొణిగింది.

"లంగరు."

"లంగరు."

"గుడ్లు. పొగమంచు."

"గుడ్లు, పొగమంచు. ఏమ్మా, నన్ను మళ్లీ బళ్లో వేశావా?"

"ఐలి గారి మాట ఒక్కటే వినపడదా?"

"పక్కింటివాడి వాగుడంతా వినపడుతుంది. యాభై రెండేళ్ల కాపురంలో, నేలమాళిగలో దాక్కున్నా నన్ను వదలని గొంతమ్మా అది! వేసవి నుంచీ గుసగుసే. అడిగితే, చెవులు చూపించుకో పో అంటుంది."

మార్లిస్ బ్రష్షు కింద పెట్టింది. "ఆవిడ భోజనం ఎలా చేస్తున్నారు?"

"రొట్టె గొంతు దిగట్లేదని కాఫీలో నానబెట్టుకుని..." రౌనో కుర్చీ అంచుకు జరిగాడు.

"యంత్రం నిజమే చెబుతోందండీ. అవి పెట్టుకుంటే మీకు బాగానే వినపడుతోంది. ఆవిడ గొంతు డాక్టరుకు చూపించండి. ఇవాళే. నేను ఫోను చేస్తాను."

గొంతు డాక్టరు దగ్గర రెండున్నరకు ఖాళీ దొరికింది. రౌనో గబగబా లేచి వెళ్లిపోయాడు. మార్లిస్ తర్వాతి యంత్రం అందుకోబోయి, కుర్చీ వైపు చూసి, తలుపు దాకా పరుగెత్తింది. బండి అప్పటికే కొండ దిగుతోంది. ఆమె చేతిలో అతను కుర్చీలో మరిచిపోయిన ఉన్ని చేతి తొడుగు. బొటనవేలి చిరుగును ఎవరో వేరే రంగు ఉన్నితో, చిన్న చిన్న కుట్లు వేసి, ఓపిగ్గా పూడ్చారు.