కొంగపువ్వు గడ్డలు

పొద్దున్నే పొక్లెయిన్ వచ్చి ఇంద్రమ్మ వంకాయ మడిని తొక్కేసింది. కోతకొచ్చిన మడి! అడ్డం పడుకోబోయిన ఆమెను కాంట్రాక్టర్ జలపతిరావు మనుషులు రెక్క పట్టి పక్కకు ఈడ్చారు. ఊరంతా నిలబడి చూసింది. ఒక్కరి నోరూ పెగల్లేదు. ఆ సిగ్గు ఎవరిదో చెప్పండి, అన్నలారా!

మానేరు ఒడ్డున ఉన్న ఆ ఒండ్రు నేలే ఊరికి బతుకు. వరద వచ్చిపోయాక కూలోళ్ళు కూరగాయలు పెట్టుకునేది అక్కడే, ఊరి బావులకు ఊట వచ్చేదీ అక్కడినుంచే. దాని కింది ఇసుక మీద జలపతిరావు కన్ను పడింది. అవతలి ఒడ్డును అతడు ఇదివరకే తవ్వేశాడు. అక్కడి బావులు ఎండిపోయి, జనం బిందెలు పట్టుకుని ట్యాంకర్ వెంట ఉరుకుతున్నారు.

"ఒడ్డు సర్కారుది. నీకేం కాయితం ఉన్నదే?" అన్నాడు జలపతిరావు.

"మా నోట్లె మన్ను కొట్టమని నీకెవడిచ్చిండురా కాయితం?" అని ఇంద్రమ్మ దుమ్మెత్తిపోసింది.

ఆ సాయంత్రం గాజులమ్మే రాబియా బీ వాకిట్లో ఆడవాళ్ళు కూడారు. సిరిసిల్లలో డిగ్రీ చదివే ఇంద్రమ్మ బిడ్డ రచన లేచి మాట్లాడింది.

"మన కొంగపువ్వు ఇంకెక్కడ దొరుకుతలేదట. మా మేడం చెప్పింది. మన ఒడ్డు మీద ఆ పువ్వు ఉన్నదని తేలితే తవ్వుడు ఆపాలె. ఫారెస్టోళ్ళకు అర్జీ పెట్టినం, ఆఫీసర్ సారు చూడనీకి అస్తడు. జల్ది ఎతకాలె."

"పువ్వు కోసం ఆపుతరు గని, మన కోసం ఆపరా?" అంది రాబియా బీ.

తెల్లారి అందరూ ఏటి ఒడ్డుకు కదిలారు.

ఇక తుంగలో, మోకాలి లోతు బురదలో వంగి వెతికారు. ఒకప్పుడు మేకలు మేసి వదిలేసిన పువ్వు, ఇప్పుడు కావాలంటే కంటికి ఆనదు! ఇటు వీళ్ళు వెతుకుతుంటే అటు పొక్లెయిన్ నేలను మింగుతూనే ఉంది. సారు రేపు వస్తాడనగా, తవ్విన గుంత అంచునే రాబియా బీ కేకేసింది.

"ఇంద్రమ్మక్కా, ఇటు రాయే!"

కొంగలు రెక్కలు చాచినట్టు గుప్పెడు తెల్లపువ్వులు. ఇంద్రమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

రచన సారును వెంటబెట్టుకు రావడానికి సిరిసిల్లలోనే ఉండిపోయింది. తెల్లారేలోగా జలపతిరావు మనుషులు తొక్కేస్తే? ఇంద్రమ్మకు అదే భయం. పైగా బతుకమ్మ రోజులు. దొరికిన పువ్వును ఒడిలో వేసుకోవడం ఆ చేతులకు పుట్టినప్పటినుంచీ అలవాటు.

"తెంపుర్రి. బతుకమ్మ పేర్చి సారుకే చూపిద్దాం," అంది.

ఒక్కటి మిగల్చకుండా తెంపారు.

సారు జీపు దిగి బతుకమ్మను చూశాడు. గునుగు, తంగేడు, పైన కొంగపువ్వులు. "బాగుంది. మొక్క ఏది?" అన్నాడు.

రచన తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నేల మీద ఉండాలె గదనే! ఎందుకు తెంపినవే?"

"తెంపిన పువ్వు ఎక్కడిదైనా కావచ్చు, ఉత్త కాడలు చూసి ఏ మొక్కో చెప్పలేం. ఇక్కడ ఏమీ లేదనే రాస్తాను," అన్నాడు సారు.

జలపతిరావు నవ్వాడు. "ఆడిన్రు గద, ఇగ నీళ్ళల్ల ఏసి ఇంటికి పోర్రి."

ఇంద్రమ్మ నెత్తి బాదుకుంది. "నా చేతులు ఇరగ! ఊరిని నేనే ముంచితి!"

రచన ఆ చేతులు పట్టుకుంది. "ఊకోవే అమ్మా. పువ్వే పోయింది, గడ్డలు మన్నుల్నే ఉన్నయి. మల్ల వానకాలం మొలుస్తయి. సారూ, గంతదాక ఆపుర్రి!"

"వానకాలం దాకా మిషన్ ఆగుతుందా?" అంటూ సారు జీపెక్కాడు.

కంచే చేను మేస్తుంటే ఇంకెవరితో మొరపెట్టుకోవాలి? పొక్లెయిన్ కదిలింది. ఇంద్రమ్మ దాని ముందు నుంచే నడిచి, తెంపిన కాడల దగ్గర చతికిలబడి బతుకమ్మను ఒళ్ళో పెట్టుకుంది.

"తెంపింది నేను. కావలి కాసేది నేనే. వానకాలం దాక ఈడికెంచి లెవ్వ!"

ఆమె పక్కన రచన కూర్చుంది. తర్వాత రాబియా బీ. మొన్న నోరు పెగలని ఊరు ఒక్కొక్కరుగా వచ్చి బురదలో కూర్చుంది. పొక్లెయిన్ ఆగింది.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. ఇంద్రమ్మనూ రచననూ చేతులు కాళ్ళు పట్టి లేపారు. వేలాడుతూనే ఇంద్రమ్మ అరిచింది.

"బూటు జర పైలం సారూ! కింద గడ్డలున్నయి!"

వ్యాన్ తలుపు పడింది. ఇంద్రమ్మ జాలీలోంచి చూసింది. తనను లేపిన చోటికి రాబియా బీ జరిగింది. అవతలి ఒడ్డు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఏరు దాటి వస్తున్నారు.

"జర జరుగు అక్కా, మేం గూడ కూసుంటం," అంది ముందు వచ్చినామె.