సంతాపానికి ఒక నియమం

ఏఐతో ఏం రాయించవచ్చో, ఏం రాయించకూడదో సిబ్బందికి నియమాలు పెట్టమని బడి యాజమాన్యం చెప్పింది. చిత్తుప్రతి రాసే పని హెడ్మాస్టరు సైన్సు టీచరుకు అప్పగించాడు. ఆమె అన్న అదే బడిలో డ్రిల్లు మాస్టరు. పోయిన నెలలో గుండెపోటుతో పోయాడు.

ప్రశ్నపత్రాలు, టైంటేబుళ్లు, నోటీసుల దాకా మీటింగులో ఎవరూ నోరెత్తలేదు. చివరి నియమం దగ్గర హెడ్మాస్టరు ఆగాడు.

"చనిపోయినవారి గురించి బడి తరఫున చెప్పే మాట, వారిని ఎరిగినవారే సొంతంగా రాయాలి... ఇదెందుకమ్మా? పైవాళ్లు చదివితే ఏదో జరిగిందనుకుంటారు."

"జరిగింది కద సార్."

అన్న సంతాప సభలో హెడ్మాస్టరు ఏఐ రాసిచ్చిన కాగితం చదివాడు. 'ఆ మృదువైన స్వరం మన చెవుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.' మైదానంలో అన్న కేకేస్తే వీధి మలుపులో సైకిళ్లు ఆగేవి. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు వరసలన్నిటికీ పాకింది. ముందు కుర్చీలో వదిన తల దించుకుంది. పిల్లల మీద టీచరుకు కోపం రాలేదు. వాళ్లకు మాస్టరు తెలుసు, అంతే.

"మంచి మాటలే కదమ్మా అవి."

"మంచివే. ఎవరి గురించో."

లెక్కల మాస్టారు సర్దబోయాడు. "పోనీ, 'వీలైనంతవరకు' అని చేర్చు చెల్లెమ్మా. పామూ చావదు, కర్రా విరగదు."

"చచ్చింది పాము కాదు మాస్టారూ. మా అన్న."

"ఆయన నాకంతగా తెలియదమ్మా," అన్నాడు హెడ్మాస్టరు. "ఏం రాయను?"

"ఒక్కటి కూడా తెలియదా సార్?"



"ఒకసారి నా కారు పరుగుపందెం గీత మీద ఆపాను. పిల్లలందరి ముందూ అరిచాడు. 'హెడ్మాస్టరైతే గీత మీకు వేరా? తియ్యండి సార్' అన్నాడు. నోర్మూసుకుని తీశాను."

లెక్కల మాస్టారు నవ్వాడు. ఆమె నవ్వలేదు. హెడ్మాస్టరు తెలియక చదివాడనుకుని ఇన్నాళ్లూ పళ్ల బిగువున ఓర్చుకుంది.

"ఇది తెలిసీ ఆ కాగితం చదివారా?"

హెడ్మాస్టరు నియమాల కింద సంతకం పెట్టి ఆమె ముందుకు జరిపాడు. 'వీలైనంతవరకు' అన్న మాట చేర్చలేదు.

ఆమె కాగితాలు తీసుకుని లేచింది.

"సాయంత్రం మా వదిన ఇంట్లోనే ఉంటుంది. ఆ కారు సంగతి మీ నోటితో ఆవిడకు చెప్పి రండి."