తోటలో నెట్ రాని ఐదు రోజులు

నా భార్య నన్ను విడిచి పోవడానికి బయలుదేరింది. నాతో ఒక్క మాట అనలేదు. ఇది జరిగింది. వాదించేవాళ్ళు వాదించుకోవచ్చు.

ఆమె పేరు నర్సవ్వ. నేను హన్మాండ్లు. మాది జగిత్యాల దగ్గరి పల్లె. ఊరి బడిలో నేను ఏడో తరగతి దాకా చదివాను, ఆమె మూడుతో ఆగింది. ఆ నాలుగు తరగతుల తేడాను ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను ఆమెను ఎన్నడూ మరిచిపోనివ్వలేదు. ఖతర్‌లో షహానియా దాటి లోపలికి పోతే మా కఫీల్, అంటే నాకు వీసా తీసిన యజమాని తోట ఉంది. తోటను ఇక్కడ మజ్రా అంటారు. ఖర్జూరపు చెట్లు, అరవై మేకలు, సెలవులకు కఫీల్ కుటుంబం వచ్చి ఉండే పెద్ద ఇల్లు, వెనక మాకొక గది. నేను డ్రైవర్ని, కాపలాదారుని. నాలుగేళ్ళ కింద కఫీల్ ఆమెకు కూడా వంటమనిషిగా వీసా తీశాడు. ఇద్దరి జీతమూ నా చేతికే ఇచ్చేవాడు. అందుకని రెండూ నావే అనుకున్నాను.

వీసాలో వంట అని ఉంది. గురువారం సాయంత్రం ఇరవై మంది దిగేవాళ్ళు. శనివారం పోయేవాళ్ళు. తరువాతి మూడు రోజులు ఆమె తివాచీల్లోంచి ఇసుక దులిపేది, నేల మీద గట్టిపడిన అన్నం మెతుకులు గోళ్ళతో గీకేది, పిల్లలు దిండ్ల మీద ఒలకబోసిన షర్బత్ మరకలు రుద్దేది. మేకలకు నీళ్ళు పెట్టడం నా పని. నాకు నడుము నొప్పి వచ్చినప్పుడు అది ఆమె పని అయింది. నొప్పి తగ్గాక కూడా ఆమె పనిగానే ఉండిపోయింది. ఎప్పుడు మారిందో నాకు గుర్తు లేదు. ఆమెకు గుర్తుండే ఉంటుంది. ఊరి నుంచి మా అక్క, ఆమెకు గల్ఫంతా దుబాయే, ఫోన్ చేసి అనేది, "దుబాయ్ల ఏసీ కింద కూసున్నది. నా మరదలుకు ఇగ లావయ్యేతందుకే పొద్దు సరిపోతలేదు గావచ్చు!" నేను నవ్వేవాణ్ణి. స్పీకర్ పెట్టి ఉండేది. ఆమె నాకు వీపు తిప్పి గిన్నెలు తోముతూ వినేది.

ఆమెకు ఒక పాత ఫోన్ ఇచ్చాను. సిమ్ వేయలేదు. "రూముకొక్క సిమ్ చాలదా? పిల్లలా, జెల్లలా, నువ్వెవ్వలతోని మాట్లాడేదున్నది?" అన్నాను. ఆ మాట అన్నాక ఆమె రెండు రోజులు సరిగా తినలేదు. నేను పట్టించుకోలేదు.

పోయిన ఏడాది కఫీల్ గేటుకూ మేకల కొట్టానికీ కెమెరాలు పెట్టించాడు. అవి దోహాలో అతని ఫోన్‌లో కనబడాలంటే నెట్ కావాలి. తీగ లైను మా తోట దాకా రాదు. సెల్‌ఫోన్ టవర్ నుంచి నెట్ లాగే డబ్బా ఒకటి తెచ్చి, అందులో సిమ్ వేసి నా చేతిలో పెట్టాడు. ప్లగ్ పెట్టాను. ఎర్ర లైటు. ఇంకో గదిలో పెట్టాను. ఎర్ర లైటే. నాలుగు తిట్లు తిట్టి మూలన పడేశాను. నర్సవ్వ పడేయలేదు. పొడుగు వైరుకు డబ్బాను తగిలించి కిటికీ కిటికీకీ తిరిగింది. మా గది, పెద్ద వంటిల్లు, మేకల కొట్టం. డబ్బాను ఎటు తిప్పితే ఫోన్‌లో ఎన్ని గీతలు వస్తున్నాయో గోడ మీద బొగ్గుతో గుర్తులు పెట్టుకుంది. ఎనిమిది రోజులకు తేల్చింది. మా గది పక్కన పంపు రూము కిటికీలో, డబ్బాను షహానియా దిక్కుకు తిప్పి, వెనక బిర్యానీ గిన్నె మూత నిలబెడితే మూడు గీతలు. లైటు పచ్చబడింది.

ఆ గురువారం కఫీల్ వచ్చి కెమెరాలు చూసుకొని మురిసిపోయాడు. "హన్మాండ్, నువ్వు డ్రైవర్ కాదు, ముహందిస్" అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నా భుజం తట్టాడు. ఆమె చాయ్ పళ్ళెం పట్టుకొని పక్కనే నిలబడి ఉంది. నేను పళ్ళెంలోంచి కప్పు తీసుకున్నాను.

తరువాత అడిగింది, "గా మూత సంగతన్న చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? నా పెండ్లాం మూత నిలవెట్టింది బాబా అని చెప్పుకోవాల్నా?"

ఆమె కప్పులు తోమడానికి పోయింది.

దోహా పక్కన ముఐథర్‌లో సుర్రయ్యా అని మా జగిత్యాలామె కుట్టు దుకాణం నడుపుతుంది. పెద్ద ఇంటి పరదాలకు కొలతలు తీసుకోవడానికి వచ్చి, నర్సవ్వ తెలుగు విని ఆగిపోయింది. పరదాలు తెచ్చిన పూట అంచులు ఇద్దరూ కలిసి మడిచి కుట్టారు. నర్సవ్వ పెళ్ళికి ముందు బీడీలు చేసింది. కత్తెర పట్టి తునికాకు కత్తిరించిన చెయ్యి. "అరే, నర్సక్కా! క్యా హాత్ హై! గీ చెయ్యితోని మేకలకు నీళ్ళు పెడుతున్నవా?" అని సుర్రయ్యా గట్టిగా నవ్వింది. నేను అక్కడే ఉన్నాను. నాకు నచ్చలేదు.

అప్పటి నుంచి సుర్రయ్యా, తానే నర్సవ్వ ఫోన్‌లో పెట్టించిన వాట్సాప్‌కు, జాకెట్లు, అబాయాలు అనే ఇక్కడి నల్ల బురఖాలు కత్తిరించే వీడియోలు డబ్బా నెట్ మీద పంపేది. నర్సవ్వ పని ముగించుకొని చూసేది. కఫీల్ భార్య పారేసిన దుప్పట్ల మీద కత్తిరించేది. "ముసలితనంల నీకేం వస్తదే?" అని నేను అనేవాణ్ణి. ఆమెకు నలభై రెండు.

జూన్‌లో ఒక శుక్రవారం. కఫీల్ కుటుంబం ఎండలని దేశం దాటి వెళ్ళింది. నర్సవ్వ పెద్ద ఇంట్లో తివాచీలు చుడుతోంది. ఫోన్ మా గదిలో మోగింది. సుర్రయ్యా పంపిన వాయిస్ మెసేజ్. విన్నాను.

"నర్సక్కా, నాకాడ పనిజేసే ఆమె ఊరికి పోతున్నది. మిషిను ఖాళీ అయితది. నువ్వు అచ్చి కూసో. దుకాణం మీద రూమున్నది, తాళంచెవి నీ చేతికే ఇస్త. కఫీల్ ను మార్చుకునుడు ఇప్పుడు మునుపటంత కష్టం గాదు, కాయిదాలు మా ఆయన చూస్తడు. గురువారం దాక ఆగుత. నీతోని కాకపోతె ఇంకొకల్లను చూసుకోవాలె, బురా నక్కో మాన్, ఏమనుకోకు."

ఫోన్ ఉన్నచోటే పెట్టాను. ఆమె వచ్చింది. విన్నది. నాకు అన్నం పెట్టింది. ఆ రోజంతా నేను ఆమెనే చూశాను, నన్ను అడుగుతుందేమో అని. అడగలేదు. అడిగితే వద్దంటానని ఆమెకు తెలుసు. అందుకే అడగడం లేదని నాకు తెలుసు.

శనివారం పొద్దున పంపు రూములోకి వెళ్ళి డబ్బాలోంచి సిమ్ తీశాను. గోరంత ముక్క. అంగీ జేబులో వేసుకున్నాను.

"నెట్ అస్తలేదు" అంది.

"టవర్ ఖరాబైందట" అన్నాను. కఫీల్ ఫోన్ చేస్తే అతనికీ అదే చెప్పాను.

"నీ ఫోన్ జరంత ఇస్తవా? ఒక మాట చెప్పేదున్నది."

"ఎవ్వలకు?"

ఆమె నా మొహం చూసింది. "ఏం లేదు తియ్" అంది.

ఆదివారం ఆమె వైరు తీసింది. మళ్ళీ కిటికీ కిటికీకీ తిరిగింది. సోమవారం నిచ్చెన వేసుకొని పంపు రూము మీదికెక్కింది. కొంగు తల మీద కప్పుకొని, రెండు చేతులతో డబ్బాను ఎత్తి పట్టుకొని, షహానియా వైపు, దోహా వైపు, ఏమీ లేని వైపు తిప్పి చూసింది. నేను వ్యాన్‌లో ఏసీ వేసుకొని కూర్చున్నాను. సిమ్ నా జేబులో ఉంది. దిగి రమ్మని కేక వేయొచ్చు. వేయలేదు. నాకు కూడా కుదురుగా లేదు. వ్యాన్ గేటు దాకా తోలాను, వెనక్కి తోలాను, మళ్ళీ తోలాను. గురువారం దాటితే చాలని రోజులు లెక్కపెట్టుకున్నాను. మంగళవారం ఆమె బట్టలు ఉతికింది. ఆ రోజు డబ్బా ముట్టలేదు. ఆశ వదులుకుంది అనుకున్నాను.

బుధవారం కఫీల్ కారును గ్యారేజీలో చూపించడానికి నేను సనయ్యాకు, అంటే ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్ళాను. పదింటికి పోయాను. రెండింటికి తిరిగి వస్తుంటే గేటుకు మూడు మైళ్ళు ఇవతల, మట్టి బాట పక్కన బట్టల సంచి కనిపించింది. తరువాత ఆమె కనిపించింది.

ఎండాకాలం పదింటి నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. అది కూలీలకు. ఇల్లు విడిచి నడిచే ఆడమనిషికి నీడ చూపించే రూలు లేదు.

ఆస్పత్రిలో డాక్టర్ అడిగాడు, ఆ వేళప్పుడు ఎండలో ఏం చేస్తోందని. బట్టలు ఆరేస్తూ పడిపోయింది అన్నాను. శుక్రవారం పొద్దున చనిపోయింది. ఊళ్ళో కూడా అదే చెప్పాను. "పనిమంతురాలు పాపం, పని చేసుకుంటనే పోయింది" అని మా అక్క ఏడ్చింది. కర్మలయ్యాక తోటకు తిరిగి వచ్చాను.

సెప్టెంబర్‌లో కఫీల్ వస్తున్నానని, కెమెరాలు పనిచేయాలని ఫోన్ చేశాడు. పంపు రూముకు వెళ్ళి సిమ్ వేశాను. మా గదిలో ఆమె ఫోన్ చార్జింగ్‌లో ఉంది. గోడకు పెట్టడానికి ఫోటో కావాలని అక్క అడిగితే ఆమె సంచిలోంచి బయటికి తీశాను. నేను గదిలోకి వచ్చేసరికి అది మోగడం మొదలైంది.

ఆమె మాటలు. సుర్రయ్యాకు చెప్పి పెట్టుకున్న మెసేజీలు, నెట్ లేక ఫోన్‌లోనే ఆగినవి, మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. ఆపడానికి నాకు చేతకాలేదు.

మొదటిది శనివారానిది. నాలుగు మాటలు. "సుర్రయ్యా, నేను అస్త. గురువారం దాక ఎందుకు, ఇప్పుడే చెప్తున్న. అస్త."

ఆరోది పొడుగ్గా ఉంది. కూర్చొని విన్నాను. "ఇది పోతలేదని ఎరుకే. గని చెప్పుకుంటె పానం అల్కగైతున్నది. నాకు నిద్ర వడ్తలేదు సుర్రయ్యా, నిలవడ్డకాడ నిలవడబుద్ధి అయితలేదు. నీ రూముల ఏమేముంటయో అనుకుంటున్న. ఒక్క గిన్నె పెట్టుకుంట. ఒక్కదాని మందం అన్నం ఎంతయితదో నాకు కొలత తెల్వది. పుట్టినకాడికెళ్ళి ఎవ్వలికో ఒకలికి కలిపే వండిన. ఆయన చెడ్డోడు గాదు, కొట్టలే, తాగలే. అందరు గదే అంటరు. కొట్టనోని మీద ఏమని చెప్పుకుంటం? నేను గా డబ్బ లైటు పచ్చగజేసిన్నాడు, ఇన్నేండ్లల మొదటిపారి నాకు నేను నచ్చిన. గా గడియ ఆయన నా దిక్కు చూస్తె, ఒక్కపారి చూస్తె, నేను నీకాడికి అచ్చేదాన్ని గాదేమో. చూడలే. నీకు రాదు, నీకు తెల్వదు అని ఇనీ ఇనీ, నిజంగనే రాదనుకున్న. ఇప్పుడు మిషిను చప్పుడు చెవుల పడుతున్నది, పండుకున్నా అదే."

తొమ్మిదోది బుధవారం పొద్దుటిది. నేను గేటు దాటిన కాసేపటికి.

"సుర్రయ్యా, టవర్ కు ఏం కాలే. నిన్న అంగీ పిండుతుంటె జేబుల దొరికింది సిమ్ము. శాన సేపు చేతుల పట్టుకొని కూసున్న. గా డబ్బల ఏస్తె నడుస్తుండె గావచ్చు. ఏసి, నీకు మాట పంపి, ఆయన అచ్చేవరకు మల్ల తీసి పెట్టాల్నా? దొంగతనం ఆయనది, దాసుకునుడు నాదా? నా మాట పోవాల్నంటె ఆయన జేబు ఎతకాల్నా? నాకద్దు. కొంగుతోని తుడిచి, ఆరబెట్టి, అంగీ ఇస్త్రీ చేసి గదే జేబుల పెట్టిన. ఆయన సొమ్ము ఆయనకు ముట్టింది. నేను రోడ్డు మీదికి నడుస్తున్న. బండి దొరికితె పొద్దుగూకకముందే నీ దుకాణం ముందట ఉంట."

ఆ పొద్దున ఆమె తెచ్చి ఇచ్చిన అంగీయే వేసుకున్నాను. సనయ్యా దారిలో జేబు తడిమి చూసుకున్నాను. ఉంది. ఆమె చూడలేదు, బతికాను అనుకున్నాను.

సుర్రయ్యాకు ఆమె పోయిన సంగతి జూలైలోనే కఫీల్ భార్య చెప్పింది. ఆ తొమ్మిదీ విని నాకు ఫోన్ చేసింది. "హన్మాండ్లు భాయ్, ఆమె ఒక్క మాట అడిగితె పంపుతుంటివా?" అంది.

పెట్టేశాను. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

సుర్రయ్యా అడిగినదానికి జవాబు: పంపేవాణ్ణి కాదు. ఇదంతా రాసిన ఈ కాగితాలు ఫోటో తీసి ఆమెకు పంపుతున్నాను. మా అక్కకు వినిపిస్తే వినిపించనీ, ఊరంతా చదివితే చదవనీ. నన్ను మాత్రం ఎవరూ అడగడానికి రావద్దు. ఓదార్చడానికి అసలే రావద్దు. చెప్పాల్సింది ఇక్కడితో అయిపోయింది. బతికి ఉన్నన్నాళ్ళు దీని మీద నేను ఇంకొక మాట మాట్లాడను.