సిక్కిం అధ్యాయం

తాహెరా బస్సు దిగి బజారు వీధిలోకి వచ్చేసరికి తండ్రి అంగడిలో కుట్టుమిషను చప్పుడు వినిపించలేదు. పుంగనూరులో ఇమాముద్దీన్ టైలరు మిషను సాయంత్రం పూట ఊరకుండడమంటూ లేదు. లోపల ఎత్తుపీట మీద హెడ్ కానిస్టేబుల్ చెంగల్రాయుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ఖాకీ ప్యాంట్లన్నీ ఇమాముద్దీనే కుడతాడు. కానీ ఈ రోజు కొలతలివ్వడానికి రాలేదని తండ్రి ముఖం చూడగానే ఆమెకు అర్థమయింది.

"రామ్మా, నీకోసమే కాసుకోనుండా," అన్నాడు చెంగల్రాయుడు. "నీకు భూటాన్‌లో ఎవురుండారు?"

తాహెరాకు నవ్వొచ్చింది, తండ్రిని చూసి ఆపుకుంది. "ఎవురూ లేరు సార్."

"నేపాల్లో?"

"ఆడా లేరు."

"మల్ల ఆ దేశాల నుంచి నీకు పుస్తకాలు యాల వస్తాండాయి?"

తాహెరా మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో రాజనీతి శాస్త్రం పాఠం చెబుతుంది. పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేస్తుంది. నాలుగేళ్లుగా డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. నేపాల్, భూటాన్, సిక్కిం అనే మూడు చిన్న దేశాలు పెద్ద దేశాల మధ్య ఇరుక్కుని ఎలా బతుకుతున్నాయి, తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయి, ఎక్కడ పోట్లాడుకుంటాయి అనేది ఆమె విషయం. వాళ్ల కొండలు ఆమె చూడలేదు. ఖాట్మండూకు, ఢిల్లీకి రాసి తెప్పించుకున్న పత్రికలు, ప్రభుత్వ ప్రచురణలు, తను రాసుకున్న నోట్సు అన్నీ ఇంట్లో ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఈలోగా ఆ ఏడాదే, అంటే డెబ్బయి అయిదు వేసవిలో, సిక్కిం దేశంగా ఉండడం మానేసి భారతదేశంలో ఒక రాష్ట్రమైపోయింది. ఇంకొన్ని వారాలకు ఎమర్జెన్సీ వచ్చింది.

ఇదంతా ఆమె ఓపిగ్గా చెప్పింది. చెంగల్రాయుడు మధ్యలో ఒకటి రెండు సార్లు ఆవులించాడు.

"సరేలేమ్మా. ఎవుడో పేరు లేని అర్జీ ఏసినాడు. పైనుంచి నన్ను అడిగినారు. సదువుకునే పుస్తకాలే, ఇంకేం లేదని రాసి పంపిచ్చేస్తా. నువ్వు మాత్రం కొన్నాళ్లు ఏమీ తెప్పించుకోవాకు." లేచి, ఇమాముద్దీన్ భుజం మీద చెయ్యి వేశాడు. "భయపడొద్దు సాయిబూ. నేనుండాను గదా."

ఆయన పోయిన తర్వాత కూడా ఇమాముద్దీన్ మిషను తొక్కలేదు. తెల్లారి తొక్కాడు గానీ, ఒక పిల్లవాడి చొక్కాకు రెండు చేతులూ కుడివైపువే కుట్టి మళ్లీ విప్పుకున్నాడు.

అరవై అయిదులో యుద్ధం వచ్చినప్పుడు ఆయన పినతండ్రి కొడుకు కరాచీలో ఉండేవాడు. ఆ ఒక్క కారణానికి ఇమాముద్దీన్‌ను పిలిపించి స్టేషను వరండాలో కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. వచ్చేపోయే ఊరంతా ఆయన్ను చూసింది, అంతే. అప్పుడు తాహెరా మదనపల్లెలో హాస్టల్లో ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఆ పెట్టె ఇంట్లో ఉంచొద్దు బేటీ," అని ఆయన వారానికోసారి అనేవాడు.

"చెంగల్రాయుడు సార్ రాసేస్తానన్నాడు గదా అబ్బా."

"అన్నాడు. రాసినాడో లేదో ఎవురు సూసినారు?"

దసరా సెలవుల్లో తాహెరా కుప్పం వెళ్లింది. ఆమె గైడు రామమూర్తి గారి సొంత ఊరది. సెలవులకు ఆయన అక్కడే ఉంటాడు. రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఇల్లు. మద్రాసు బండి పోతే కిటికీ అద్దాలు గలగలలాడతాయి. రామమూర్తి ఆమె రాసిన మూడో అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చున్నాడు గానీ పేజీ తిప్పలేదు.

"దీన్ని తీసేయమ్మా," అన్నాడు.

"సిక్కిం అధ్యాయమా సార్? అదే లేకపోతే మిగతాదానికి అర్థమేముంది? సిక్కింలో జరిగింది చూసేకదా నేపాల్ వాళ్లు అంత గొడవ పడింది, భూటాన్ వాళ్లు అంత గమ్మునుండిపోయింది."

"అందుకే తీసేయమంటాండా."

"ఇండియాలో కలవాలని జనం ఓటేసినారని రాసినాను. ఆ ఓటు మీద అనుమానం ఉన్నోళ్లు ఏమన్నారో అదీ రాసినాను. రెండు వైపులా ఉంది సార్."

రామమూర్తి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "రెండు వైపులు ఉండాయని చెప్పడమే ఇప్పుడు తప్పు. మా శాఖలో పెద్దాయన ఉండె, నీకు తెలుసు, నీ ఇంటర్వ్యూలో నవ్వుతా ప్రశ్నలడిగినాయన. జూలైలో ఎత్తుకుపోయినారు. ఏ జైల్లో ఉండాడో ఇంట్లోవాళ్లకే తెలీదు. ఆయన ఏం చేసినాడు? క్లాసులో ఒక మాటన్నాడు. నువ్వు కాగితం మీద పెడతాండావు, కింద నన్ను సంతకం చేయమంటాండావు." కాగితాలు ఆమె వైపు జరిపి, "నేను ధైర్యస్థుణ్ణి కాదమ్మా," అన్నాడు.

అంత చదువుకున్న మనిషి ఆ మాట అంత నెమ్మదిగా చెప్పేసరికి ఆమెకు కోపం రాలేదు. కాఫీ తాగి, కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది. పలమనేరు దాకా వాన పడుతూనే ఉంది. తీసేయడమా, పెట్టెలో పెట్టి మంచి రోజుల దాకా ఆగడమా అని ఆలోచించుకుంటూ వచ్చింది. పుంగనూరు చేరేసరికి ఆగుదామని నిశ్చయించుకుంది. ఏడాదో రెండేళ్లో. కాగితాలు ఎక్కడికి పోతాయి?

ఇంట్లో మంచం కింద పెట్టె లేదు.

"అబ్బా, పెట్టె యాడుండాది?"

ఇమాముద్దీన్ గోడకానుకుని కూర్చున్నాడు. తెల్ల జుబ్బా వేసుకుని ఉన్నాడు. పెళ్లిళ్లకు, పండగలకు వేసుకునే జుబ్బా అది.

"ఇచ్చేసినా."

"ఎవురికి?"

"స్టేషన్లో. వాళ్లు ఒచ్చి ఎతికే దానికంటే మనమే ఇచ్చేస్తే మర్యాద గదా. మా దగ్గర దాచిపెట్టేదేం లేదు, అన్నీ సూసుకోండి అని చెప్పినా. నిన్ను కాపాడుకున్యా బేటీ."

ఆమె తడిసిన సంచి భుజాన్నుంచి దించకుండానే స్టేషనుకు నడిచింది.

చెంగల్రాయుడు ఆమెను చూడగానే బయటికొచ్చాడు. "ఏం పని చేసినాడమ్మా మీ నాయన! నేను ఆ నెల్లోనే రాసి పంపిచ్చినా, ఏమీ లేదని. అంతటితో అయిపోయుండె. ఈ పొద్దు ఆయన పెట్టె మోసుకోనొచ్చి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టినాడు. ఏమీ లేకపోతే ఈ సాయిబు యాల భయపడినాడు, నువ్వు యాల ఏమీ లేదని రాసినావు అని నన్ను పట్టుకున్నాడు ఇన్‌స్పెక్టరు. పెట్టె చిత్తూరికి పోయింది."

"తిరిగి వస్తుందా సార్?"

"నన్నడగొద్దమ్మా. నా ఉజ్జోగం ఏమవుతుందో నాకే తెలీదు."

తర్వాత జరగాల్సినవన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. చెంగల్రాయుడిని సోమల స్టేషనుకు బదిలీ చేశారు. ఇమాముద్దీన్‌ను చిత్తూరికి పిలిపించి, ఖాట్మండూ పత్రికలు ముందు పరిచి, వీటిలో నీకు భయం పుట్టించిన పేజీ ఏదో చూపించమన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. తన బిడ్డ ఏం రాసిందో తెలియదని ఎన్ని రకాలుగా చెప్పినా, తెలియకపోతే భయమెందుకు అన్నారు. కాలేజీ యాజమాన్యం తాహెరాను పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా రావొద్దని మర్యాదగానే చెప్పింది. గొడవ సద్దుమణిగినా మళ్లీ రమ్మనలేదు.

ఒక రాత్రి అన్నాల దగ్గర తాహెరా ఉండబట్టలేక అనేసింది. "నన్నొక మాట అడిగుంటే ఏం పోయింది అబ్బా? నాలుగేండ్ల పని."

అప్పుడు చెప్పాడు ఆయన, స్టేషను వరండా సంగతి. ఎదురుగా ఉన్న టీ అంగడిలోంచి తనను చూసిన వాళ్ల పేర్లు కూడా చెప్పాడు. "ఆడ నువ్వు కూర్చోనుండేది నేను సూడలేను," అన్నాడు. తాహెరా తండ్రి చెయ్యి పట్టుకుంది. క్షమించానని మాత్రం అనలేకపోయింది. ఆయనా అడగలేదు.

డెబ్బయి ఏడులో ఎమర్జెన్సీ పోయింది. ఆమె చిత్తూరికి ఎన్నోసార్లు తిరిగింది. ఏ ఆఫీసులో అడిగినా ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. పెట్టె దొరకలేదు. కుప్పంలో జూనియర్ కాలేజీ ఉద్యోగం వచ్చాక తండ్రిని తీసుకుని అక్కడికే మారింది. చేతిలో మిగిలింది ఆ రోజు సంచిలో ఉన్న మూడో అధ్యాయం ఒక్కటే. ఏ మాట ఎక్కడ చదివి రాసిందో చూపించడానికి ఒక్క కాగితమూ లేదు. రామమూర్తి తప్పుకోవడంతో వచ్చిన కొత్త గైడు మంచివాడు. ఆధారాలు లేని అధ్యాయాన్ని ఎలా పెట్టాలమ్మా అని బాధపడుతూనే అడిగాడు. భూటాన్, నేపాల్ గురించి మళ్లీ మొదటి నుంచి తెప్పించుకుని రాసింది. సిక్కిం కాగితాలు మళ్లీ సంపాదించే ఓపిక ఆమెకు లేకపోయింది. రామమూర్తి తీసేయమంటే తీయని దాన్ని, ఎవరూ భయపెట్టని కాలంలో తన చేతులతోనే తీసేసింది. ఎనభై రెండులో డాక్టరేటు వచ్చింది. పేపర్లో రెండు దేశాల పేర్లే పడ్డాయి.

ఆ పేపరు పక్కింటాయన ఇమాముద్దీన్‌కు చదివి వినిపించాడు. ఆయన ఆ సాయంత్రం చాలాసేపు గడప మీద కూర్చున్నాడు. తాహెరా జవాబు పత్రాలు దిద్దుకుంటోంది.

"బేటీ, ఆ మూడో దేశమోళ్లు ఏమైనారు?"

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదలు. తాహెరా కలం పక్కన పెట్టింది. "ఆడే ఉండారు అబ్బా. ఇప్పుడు మనలాగే ఓట్లేస్తాండారు."

"సుఖంగా ఉండారా?"

"తెలీదు. పోయి అడగాల."

"పోయి సూసిరా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, గోడకవతల ఎవరో వింటున్నట్టుగా, "రాసేది మాత్రం వొద్దమ్మా," అన్నాడు.

తాహెరా లేచి, ఆయన ముఖం మీది కళ్లజోడు తీసి, తుడిచి ఇచ్చింది.