పదకొండుమందికి ఒకే తల

మసేను రెండోసారి కక్కుకున్నాడు. వాననీళ్లు ఆ కక్కును మైదానం సున్నపు గీత మీదుగా తీసుకుపోయాయి. తోలు ఫుట్‌బాలు మీది లేసు ముడి కోసిన చోట, నుదుటి మీద రక్తం ఇంకా ఆగలేదు.

సగం ఆట అయింది. చెరో గోలు. బరంపురం వర్తకుల క్లబ్బు కలెక్టరు షీల్డు ఫైనలుకు రావడం ఇదే మొదలు. అవతల ఛత్రపురం జట్టువాళ్లు నిమ్మచెక్కలు చప్పరిస్తూ ఇటే చూస్తున్నారు.

మానేజరు లక్ష్ముడు తన తువ్వాలు మడిచి గాయానికి అదిమాడు.

"గోలుకర్రలెన్ని కనిపిత్తన్నాయిరా?"

"నాలుగు, మావా. ఏ రెంటి మద్దిన కొట్టమంటావో సెప్పు, కొట్టీసొస్తాను."

లక్ష్ముడు తువ్వాలు ఇంకాస్త గట్టిగా అదిమాడు.

ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. బంతి తోలు మైల; కాలికి తగిలితే కడుక్కోవచ్చు. నెత్తికి మాత్రం తగలకూడదు. తగిలితే ఇంట్లో ఆడవాళ్లు పెరట్లోనే తలమీద నీళ్లు పోయించి గాని లోపలికి రానివ్వరు. అందుకని బంతి గాలిలో వస్తే వర్తకుల కుర్రాళ్లు వంగిపోతారు. ఆ బంతుల కోసం సముద్రపొడ్డున ఉన్న పొడంపేట నుంచి ఒక జాలరిని తెస్తారు. ఆటకు రూపాయి. జట్టు మొత్తానికీ ఆ ఒక్క తలే. ఈ ఏడు అది మసేనుది.

పాతికేళ్ల కిందట ఆ తల లక్ష్ముడిది. ముందు ఆడేవాళ్లకూ వెనక కాసేవాళ్లకూ మధ్య, సెంటర్ హాఫ్‌గా నిలబడి ఆరేళ్లు అందరి బంతులూ తనే కొట్టాడు. తర్వాత గోపాలపూరులో ఓడెక్కి రంగూను పోయాడు. పగలు బియ్యం మిల్లులో బస్తాలు మోత, సాయంత్రం మిల్లు జట్టులో ఆట. అక్కడ ఎవడి తల వాడిదే. దొరలూ కొట్టేవారు, కూలీలూ కొట్టేవారు. మొదటి రోజు ఇంకొకడి బంతికి పరిగెత్తితే "నీకేం పని?" అని తిట్టారు. ఆ తిట్టు అతనికి తియ్యగా ఉంది.

మోకాలు పోయాక ఆట నేర్పేవాడయ్యాడు. ఖరగ్‌పూరు, కోలారు, మదరాసు. వెళ్లినచోటల్లా జట్టు పైకొచ్చింది. అతనికి మాత్రం వాన పడితే నొప్పితో తల పగిలిపోయేది. భార్య కూర్మమ్మను పిలవబోయి, గుమ్మంలో నిలబడి ఆమె పేరు వెతుక్కున్న రోజులున్నాయి. నెలకు ఇరవై రూపాయలిస్తామని ఈ క్లబ్బువాళ్లు అంటే ఈ ఏడు సొంత జిల్లాకు వచ్చాడు. వేసవిలో కుర్రాళ్లందరికీ తలతో కొట్టడం నేర్పబోతే, జీతం ఆపుతామన్నారు. ఊరుకున్నాడు.

గొడుగు వేసుకుని కార్యదర్శి నరసన్నశెట్టి వచ్చాడు. టోకు బియ్యం వ్యాపారి. జట్టు కెప్టెన్ కాశయ్య ఆయన కొడుకే.

"గుడ్డ గట్టిగా కట్టి ఆటలోకి తోలీయి. ఏళైపోనాది."

"ఈడు ఆడడు, బావూ."

"ఆడడా? మరి గాల్లో బంతులు ఎవడు కొడతాడు, నీ తాతా?"

"నాను కొట్టినన్నాళ్లు కొట్టినాను. ఈడూ కొట్టినాడు. ఇంక సాలు."

శెట్టి మసేను వైపు తిరిగాడు. "ఇంకో రూపాయి ఇస్తాన్రా. లే."

మసేను లేవబోయాడు. పక్కకి ఒరిగిపోయాడు. లక్ష్ముడు భుజం పట్టుకున్నాడు.

"రూపాయి ఉంచండి. రేపు తెల్లారితే ఈడు తెప్పెక్కాల. కెరటం రెండుగా కనిపిత్తే ఏ కెరటం ఎక్కుతాడు?"

"రంగూనెల్లొచ్చినావని కొమ్ములు మొలిసినాయేటి? రేపట్నుంచి నీకిక్కడ పని నేదు."

"సరే. ఇయ్యాలకి మానేజర్ని నానే గదా."

"పదిమందితో ఆడి నవ్వులపాలవమంటావా?"

"పదిమందికీ పది తలలున్నాయి, బావూ. మీ కాశయ్యబాబుకీ ఒకటుంది. దగ్గిరుండి సూసినాను."

సోడా తాగుతున్న ఒకడికి పొలమారింది. కాశయ్య మాత్రం తన తండ్రి వైపు చూడలేదు. తడిసిన బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు.

మైదానం పక్కన వేసిన గుడారంలో, పెద్దల వరసలో, మానేజరుగా లక్ష్ముడికో కుర్చీ ఉంది. మసేను ఆ గుడారంలో ఎన్నడూ కాలు పెట్టలేదు. అతని సోడా కూడా బయటికే వచ్చేది. లక్ష్ముడు అతణ్ణి మెల్లగా నడిపించుకుపోయి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్క కుర్చీలోని షావుకారు పంచె ఎత్తిపట్టుకుని లేచిపోయాడు.

"ఒరే, కుర్చీ దిగరా," అన్నాడు శెట్టి.

మసేను తలెత్తాడు. "కుర్చీలోంచి నెగమంటావేటి, మావా?"

"తల నీది. నువ్వే సెప్పు."

మసేను నుదుటి మీది నెత్తుటి తువ్వాలు తీసి లక్ష్ముడి చేతిలో పెట్టాడు.

"నాను నెగను," అన్నాడు శెట్టితోనే.

ఈల మోగింది. పదిమంది మైదానంలోకి వెళ్లారు. రిఫరీ వాళ్లను లెక్కపెట్టి, పదకొండోవాణ్ణి పంపమని గుడారం వైపు చెయ్యి ఊపాడు. మళ్లీ ఊపాడు. లక్ష్ముడు కుర్చీ వెనక నిలబడి తువ్వాలు పిండాడు. ఎర్రటి నీళ్లు, పెద్దల కోసం పరిచిన జంపఖానా మీద పడ్డాయి.