వీధికి ముందే తెలిసిన జబ్బు

వార్డులో ఒక డ్యూటీ దిగి మరో డ్యూటీ ఎక్కే ఆ కాసేపూ సంతలా ఉంటుంది. వెళ్లేవాళ్లకు ఇంటి తొందర, వచ్చేవాళ్లకు పని అందుకునే తొందర. అంత హడావిడిలోనూ ముఖాన నవ్వు చెదరని నర్సు ఒకామె ఉండేది. అందరూ ఆమెను చీటీల సిస్టర్ అనేవారు. ఎవరికి ఏ మందు పడదు, ఎవరి పరీక్ష ఫలితం రావాలి, ఎవరు రాత్రి నిద్రపోలేదు, అన్నీ చిన్న కాగితాల మీద రాసి కోటు జేబులో దోపుకునేది. డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ వేళ జేబులోంచి చీటీలు తీసి పేకముక్కల్లా పంచేది.

ఆ పద్ధతి ఆపాలని నర్సింగ్ సూపరింటెండెంట్ పెద్దమేడమ్ ఎప్పటి నుంచో పోరుతోంది. వార్డుకి కొత్త ట్యాబులు తెప్పించింది. ఎవరి పాస్‌వర్డు వాళ్లది, ఎవరి రోగుల వివరాలు వాళ్లకే కనిపిస్తాయి, ఎవరు తెరిచి చూసినా అందులో నమోదవుతుంది అని విడమరిచి చెప్పింది.

"నా జేబుకి ఛార్జింగు అక్కర్లేదు మేడమ్, కరెంటు పోతే ఆగిపోదు" అంది చీటీల సిస్టర్.

వార్డంతా గొల్లుమంది. పెద్దమేడమ్ కూడా నవ్వింది గానీ, "దానికి తాళం కూడా లేదమ్మా" అని ఊరుకుంది.

అది నవ్వులాటకు అన్న మాట కాదని చీటీల సిస్టర్‌కు వారం తిరక్కుండానే తెలిసొచ్చింది.

ఆమె ఉండే వీధి చివర చిన్న బేకరీ ఉంది. పొద్దున్నే బన్నుల వాసన వీధిని నిద్రలేపేది. ఆ బేకరీ ఆవిడ దగ్గు తగ్గక, జ్వరం విడవక ఆస్పత్రిలో చేరింది. టీబీ ఏమోనని డాక్టరు గారికి అనుమానం వచ్చి కఫం పరీక్షకు పంపించారు. చీటీల సిస్టర్ అలవాటు కొద్దీ "ఆరో మంచం, బేకరీ ఆవిడ, టీబీ?" అని రాసుకుంది. ఆ మాట తర్వాతి డ్యూటీ వాళ్లకు చెప్పింది. చీటీ మాత్రం జేబులోనే ఉండిపోయింది.

రెండు రోజులకు బేకరీ ఆవిడ భర్త వార్డుకొచ్చాడు. పెళ్లాం పక్కన స్టూలు మీద కూలబడి, "పొద్దున చేసిన సరుకు చేసినట్టే ఉంది. రోజూ వచ్చేవాళ్లు కూడా అవతలి పక్కనుంచి నడిచి పోతున్నారు. మీ ఆవిడకి టీబీ అంట కదా, మీ బన్నులు పిల్లలకి పెట్టొచ్చా అని ఒకాయన మొహం మీదే అడిగాడు" అన్నాడు.

ఆవిడ మెల్లగా లేచి కూర్చుంది. మందులిస్తున్న చీటీల సిస్టర్ వైపు చూసింది.

"నా రిపోర్టు నాకే ఇంకా రాలేదు కదా సిస్టర్. వీధికి ముందే ఎలా వెళ్లింది?"

చీటీల సిస్టర్‌కు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి పని ఎవరు చేశారో తేల్చాలనుకుంది. ఆయాని అనుమానించింది, ల్యాబు వాళ్లని అనుమానించింది. ఆ కోపంతోనే ఇంటికి వెళ్లి అత్తగారి దగ్గర మొర పెట్టుకుంది.

అత్తగారు చెడ్డ మనిషి కాదు. వీధిలో ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆ గడప తొక్కేది ఆవిడే. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు.

"బయటివాళ్లెవరూ కాదే, నేనే చెప్పా" అంది ఆవిడ తేలిగ్గా. "కోటు ఉతకడానికి వేస్తుంటే జేబులో కాగితం ఉంది. పక్కింటావిడ రోజూ మనవడికి అక్కడే బన్ను కొంటుంది కదా, పాపం జాగ్రత్తపడుతుందని చెప్పా. నువ్వు రాసిందేగా?"

"నేను టీబీ అని రాయలేదు అత్తయ్యా! పక్కన ప్రశ్నార్థకం పెట్టాను!"

"ప్రశ్నార్థకం ఎలా చెప్పాలే నోటితో?"

అత్తగారన్నది నిజమే. పుకారుకు కాళ్లుంటాయి, చెవులుంటాయి, ప్రశ్నార్థకం ఒక్కటే ఉండదు. వీధంతా దొంగను వెతికి చివరికి తన ఇంటి తలుపే తట్టినట్టయింది చీటీల సిస్టర్ పని.

మర్నాడు ఎవరూ అడగకముందే పెద్దమేడమ్ గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడమ్‌ను వెంటబెట్టుకుని ఆరో మంచం దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది. ఆ రోజే రిపోర్టు వచ్చింది. టీబీ లేదు, ఊపిరితిత్తుల్లో మామూలు ఇన్ఫెక్షన్, మందులతో పోతుంది.

బేకరీ ఆవిడ రిపోర్టు చేతిలోకి తీసుకుని చదివింది. తర్వాత, "టీబీయే అయినా అది మందులతో పోయే జబ్బే కదా సిస్టర్. నేనేం తప్పు చేశానని వీధి తల తిప్పుకుంది? ఉంటే ఎవరికి చెప్పాలో నేనూ డాక్టరు గారూ చూసుకునేవాళ్లం" అంది. ఆ మాట చీటీల సిస్టర్‌కు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

బేకరీ ఆవిడ భర్త నోట సంగతి విన్న అత్తగారు చెప్పులు వేసుకుంది. "ఇప్పుడే పోయి జబ్బు లేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పొస్తా!"

"వద్దు అత్తయ్యా! జబ్బు ఉందని చెప్పే హక్కు మనకెలా లేదో, లేదని చెప్పే హక్కూ లేదు. ఆ రిపోర్టు ఆవిడది."

అత్తగారు గుమ్మంలోనే కాసేపు ఆలోచించి, గబగబా బేకరీకి నడిచింది. బయట బల్ల మీద వీధంతా చూసేలా కూర్చుని ఒక బన్ను తింది. ఇంకోటి తెప్పించుకుంది. పక్కింటావిడ కనబడితే చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టి ఆవిడ చేతిలో ఒకటి పెట్టింది. వరసగా నాలుగు రోజులు ఇదే తంతు. ఐదో రోజుకు ఆ బల్ల మీద ఆవిడకే చోటు దొరకలేదు.

"నోటితో చేసిన తప్పు నోటితోనే దిద్దానే, ఈసారి మాట్లాడకుండా" అంది కోడలితో, పొట్ట నిమురుకుంటూ.

వార్డులో ట్యాబు మొదట పట్టుకున్నది చీటీల సిస్టరే. అయితే అలవాటు ఊరికే పోతుందా? పాస్‌వర్డు మర్చిపోతానేమోనని కాగితం మీద రాసి ట్యాబు వెనకాలే అంటించింది. పెద్దమేడమ్ చూసి నెత్తి కొట్టుకుంది. "తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీశారా తల్లీ!" మళ్లీ ఓపిగ్గా నేర్పింది. కొద్దిరోజుల్లోనే ఆమె వేళ్లకు దారి దొరికింది. ఎవరికి ఏ మందు పడదో తెరవగానే ఎర్రగా కనబడేది. రిపోర్టు రాగానే అనుమానం ఉన్న చోట అసలు సంగతి చేరేది, అదీ చూడాల్సిన వాళ్లకే. నెట్ ఆగిపోతే ఏం చెయ్యాలి, ట్యాబు పోతే ఏం చెయ్యాలి అని మేడమ్‌ను నిలదీసి జవాబులు రాబట్టింది కూడా ఆమే.

మిగతా వార్డులకు ట్యాబులు ఇచ్చే రోజున, నర్సులందరి ముందూ ఆమెనే మాట్లాడమన్నారు. వెనక వరసలోంచి ఒకామె, "ఇన్నాళ్లూ కాగితంతో నడవలేదా అక్కా? ఈ తాళాలూ పాస్‌వర్డులూ అవసరమా?" అని అడిగింది.

చీటీల సిస్టర్ ఎవరి పేరూ ఎత్తకుండా, తన తప్పు మాత్రం దాచుకోకుండా, జరిగింది చెప్పింది. నవ్వాల్సిన చోట అందరూ నవ్వారు.

"ట్యాబు ఒక్కటే మనల్ని మార్చదమ్మా, మన చెయ్యీ నోరూ కూడా మారాలి" అందామె. "రోగి తన జబ్బు సంగతి మనకు చెప్పేది నయం చేస్తామని నమ్మి. మందు ఎంత జాగ్రత్తగా ఇస్తామో, ఆ మాటను కూడా అంత జాగ్రత్తగా కాపాడితేనే మనం చేసింది వైద్యం."