చివరి మెట్ల పరుగు

అతను డ్రమ్ముకి చర్మం బిగిస్తున్నాడు. ఒక మర తిప్పాక పక్కదాని జోలికి పోకూడదు, ఎదురుగా ఉన్నదాన్ని తిప్పాలి. లేకపోతే చర్మం ఒక పక్కకి లాగేస్తుంది. లారీ చక్రాల నట్లు బిగించేదీ అలాగే. పగటిపూట షెడ్డులో అతని పని అదే. చేతి గీతల్లోకి దిగిన గ్రీజు ఏ సబ్బుకీ పోదు. జుట్టు పలచబడింది, పొట్ట ముందుకొచ్చింది. బృందంలో అందరూ అతన్ని ఉరుము అని పిలుస్తారు గానీ, మాట మాత్రం పిల్లి నడిచినట్టుంటుంది.

ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే పంక్ బృందం వాళ్లది. పాడేది అతని చెల్లెలు. గిటార్లతో గోల చేసినంత కాలం ఉరుముకి ఎదురు లేదు. ఈమధ్య ఆమె ఆ గోలకి డాన్సు క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ దరువు కలిపింది. దానికోసం ఆ దరువు వేసే మిషన్ ఒకటి వచ్చింది. అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, అందులో వినబడే టక్ టక్‌ని పట్టుకుని వాయించమన్నారు. గానుగెద్దులా వాయిస్తాడు, ఒక్కచోట తప్ప. ఆఖరి పాటలో నాలుగో పాదం బాగా పొడుగు. అక్కడికొచ్చేసరికి అతని చేతులు మిషన్‌ని వదిలేసి ముందుకు ఉరుకుతాయి.

మధ్యాహ్నం రిహార్సల్లోనూ అదే జరిగింది.

"మళ్ళీ పరిగెత్తావు," అంది చెల్లెలు.

"చెయ్యి ఆగలేదమ్మా."

"మిషన్‌కి ఆకలెయ్యదు, చెయ్యి జారదు, వ్యాన్‌లో సీటు కూడా అడగదు," అన్నాడు గిటారువాడు తీగ సరిచేసుకుంటూ. "చూసుకో ఉరుమూ."

చెల్లెలు నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, సాయంత్రం కూడా పరిగెడితే రేపట్నించి ఈ స్టూలు మీద ఎవరూ ఉండరు. మిషన్ చాలు. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోనులే. వేడినీళ్ళు తాగావా?"

"మాట మార్చకు."

అతను మాట మార్చలేదు. చిన్నప్పుడు ఆమెకి ఆయాసం. వాళ్ల గది పై అంతస్తులో ఉండేది. సగం మెట్లలో కూలబడే పిల్లని చెయ్యి పట్టుకుని, నోటితో దరువు వేస్తూ ఎక్కించేవాడు. చివరి మెట్ల దగ్గర దరువు పెంచేవాడు, ఊపిరి అయిపోయేలోపు గుమ్మం చేరాలని. చేరాక, "వచ్చేశాం, చూడు," అనేవాడు. ఆమె అదంతా ఎప్పుడో మరిచిపోయింది. ఆయాసం పోయిందనే అనుకుంటోంది. కానీ ఆమె వెనకాల కూర్చునేది అతను. నాలుగో పాదంలో ఆ భుజాలు పైకి లేవడం అతనికి తప్ప ఎవరికీ కనబడదు. నీకు ఊపిరి చాలడం లేదని పాటే ప్రాణమైన పిల్లకి ఏ నోటితో చెప్పడం?

సాయంత్రం హాలు కిక్కిరిసింది. పాట తరవాత పాట, టక్ టక్‌ని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని వాయించాడు. గిటారువాడు తల ఊపి మెచ్చుకున్నాడు. ఆఖరి పాట మొదలైంది. నాలుగో పాదం వచ్చింది.

భుజాలు లేచాయి.

చూడనట్టు ఊరుకుంటే చాలు, స్టూలు దక్కుతుంది. కళ్ళు మూసుకున్నాడు. అయినా చేతులు ఉరికాయి. ఆమె గొంతు చివరి మాట దాకా చేరింది, ఈలోపు మిషన్ ఒక దారి, డ్రమ్ములు ఒక దారి అయ్యాయి. జనంలో ఎవరో ఈలవేసి నవ్వారు.

చెల్లెలు చెయ్యెత్తి పాట ఆపింది. "మళ్ళీ మొదటినించి. మిషన్ ఒక్కటే."

అతను హెడ్‌ఫోన్లు తీసి స్టూలు మీద పెట్టి లేచాడు. ఎక్కడికి వెళ్ళినా 'వెళ్ళొస్తా' అనే మనిషి, ఈసారి, "వెళ్తానమ్మా," అన్నాడు. ఎవరికీ వినబడలేదు.

వెనక తలుపు గడియ మీద చెయ్యి ఉండగానే పాట నాలుగో పాదానికి వచ్చింది. మిషన్ వెంట్రుకవాసి తప్పలేదు. చివరి మాటకి ముందే ఆమె గొంతు తెగిపోయింది. అదో కొత్త పోకడ అనుకుని జనం హోరెత్తారు.

"వచ్చేశాం, చూడు," అన్నాడతను లోలోపల. తలుపు మూసుకుంది.

పాట మధ్యలో ఏనాడూ వెనక్కి తిరగని చెల్లెలు తిరిగి చూసింది. స్టూలు మీద హెడ్‌ఫోన్లు, వినే చెవి లేకుండా, టక్ టక్‌మంటూనే ఉన్నాయి.